ఆపరేషన్ తర్వాతి మూడు రోజులు

రాయ్‌పూర్ నుంచి ధమ్తరీ వెళ్లే దారిలో ముప్పై కిలోమీటర్ల లోపే అభన్‌పూర్ వస్తుంది. చుట్టూ వరి పొలాలు. ఆ పల్లెల నుంచి ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు పిత్తాశయంలో రాళ్లతో ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. ఆపరేషన్ పెద్దదేమీ కాదు, పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లతో అయిపోతుంది. అయినా మత్తు డాక్టరు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇంత లేత వయసులో ఈ రాళ్లెలా వచ్చాయి?

ఎర్రకణాలు త్వరత్వరగా చితికిపోతుంటే, వాటి నుంచి వచ్చే పసుపు పదార్థం పిత్తంలో పేరుకుని రాళ్లు కడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో అలా జరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది సికిల్ సెల్ వ్యాధినే. రాయ్‌పూర్ వైద్య కళాశాల పరిశోధకులు ఆ జిల్లాలో మూడున్నర లక్షల మందికి పైగా పరీక్షించారు. నూటికి 9 మందికి పైగా ఒక సికిల్ జన్యువు ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి అంది, జబ్బు పడినవారు వెయ్యికి ఇద్దరు. ఇది గిరిజనులకే వస్తుందనుకుంటే పొరపాటు. అక్కడి వ్యవసాయ కులాల్లోనూ ఉంది. మన పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ ప్రాంతాలకూ ఇది కొత్త కాదు.

ఈ రోగుల హీమోగ్లోబిన్‌లో తేడా చాలా చిన్నది. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. అంతమాత్రానికే, ఆక్సిజన్ తగ్గగానే అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి. కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో ఆమ్లత పెరగడం దీన్ని ఎగదోస్తాయి. ఆపరేషన్ గదిలో ఇవన్నీ ఒకేచోట కాచుకుని ఉంటాయి. ఏసీ చలి ఉంటుంది, గంటల తరబడి పరగడుపు ఉంటుంది. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి చేరి ఆమ్లత పెంచుతుంది. అందుకే మత్తు డాక్టరు శ్వాసయంత్రాన్ని సవరించి ఆ వాయువును బయటికి పంపిస్తూ ఉంటాడు. రోగికి వెచ్చని దుప్పటి కప్పుతారు, సెలైన్ ఎక్కిస్తారు. సాధారణంగా మత్తుకు రెండు గంటల ముందు వరకూ మంచినీళ్లు తాగవచ్చు. 'రాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టొద్దు' అనే పాత అలవాటు ఈ రోగికి నిజంగా హాని చేస్తుంది.

ముందే రక్తం ఎక్కించాలా? బ్రిటన్, కెనడా తదితర దేశాల్లో జరిగి 2013లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడిన పరీక్షలో, రక్తం ఎక్కించని 33 మందిలో 13 మందికి ఇబ్బందులు వచ్చాయి. ఎక్కించిన 34 మందిలో ఐదుగురికే వచ్చాయి. అలాగని ఎంత ఎక్కిస్తే అంత మంచిదని కాదు. హీమోగ్లోబిన్ 10 గ్రాములు బాగా దాటితే రక్తం చిక్కబడి మళ్లీ నాళాలు మూసుకుపోవచ్చు. మన దేశపు రోగుల్లో చాలామందికి పసితనపు హీమోగ్లోబిన్ పెద్దయ్యాకా ఎక్కువగానే మిగిలి ఉంటుంది. దానివల్ల జబ్బు కొంత నెమ్మదిగా ఉంటుంది. కానీ ఆ నెమ్మదితనాన్ని నమ్ముకుని ఏమరుపాటుగా ఉండకూడదు.

అసలు గండం కుట్లు వేశాక మొదలవుతుంది. రెండో రోజో మూడో రోజో జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో కణాలు ఇరుక్కున్నాయేమోనని అనుమానించాలి. ఐసీయూకి చేర్చాల్సిన స్థితి అది. గాయం నొప్పికి భయపడి రోగి పైపైనే ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగు భాగాలకు గాలి అందదు. నొప్పి మందు ఎక్కువైతే మగతలో శ్వాస మందగిస్తుంది. ఈ రెంటి మధ్య మోతాదు కుదర్చడమే కష్టమైన పని. అందుకే నర్సు, ఫిజియోథెరపిస్టు చేసే పనికి ఇక్కడ సర్జన్ పనికున్నంత విలువ ఉంది. 1995లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఛాతీ నొప్పితో చేరిన సికిల్ సెల్ రోగులకు గాలి లోతుగా పీల్పించే చిన్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి చూశారు. అది వాడిన 19 సార్లలో ఒక్కసారే ఊపిరితిత్తులకు ఇబ్బంది వచ్చింది, వాడని 19 సార్లలో ఎనిమిదిసార్లు వచ్చింది. అంత చవకైన పరికరం మంచం పక్కన ఉండీ రోగి చేత వాడించకపోవడం క్షమించరానిది.

వీలైనంత త్వరగా లేపి నడిపించాలి. తుంటి ఎముక తలకు రక్తం అందక దెబ్బతినడం ఈ జబ్బులో మామూలే కాబట్టి, ఆ నడక నేర్పేవారికి తుంటి సంగతీ తెలిసి ఉండాలి.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన పథకం 2023 జూలై 1న మొదలైంది. పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉంటే ఆ కార్డును బీరువాలో దాచకండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, మత్తు ఇచ్చే ముందే డాక్టరుకు చూపించండి.