పది నిమిషాలంటే ముల్లు ఎక్కడుండాలి?

పిల్లలూ, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఒక్కోసారి కాగితం, పెన్సిలు చేతికిచ్చి గడియారం బొమ్మ గీయమంటారు. గుండ్రం గీసి, పన్నెండు అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలకు ముళ్లు పెట్టమంటారు. బొమ్మ అందంగా వచ్చిందా లేదా అన్నది వాళ్లకు అక్కర్లేదు. మరి దేనికంటారా? చెప్తా వినండి.

ఆ టైములోనే ఒక చిక్కుంది. పది నిమిషాలు అనగానే మనసు పది అంకె మీదికి పోతుంది. పెద్దముల్లు ఉండాల్సిందేమో రెండు దగ్గర. కంటికి కనపడే పదిని వదిలి, ఐదేసి నిమిషాల లెక్కన రెండు దగ్గరికి రావాలి. తొందరపడే మనసును అలా ఆపేది నుదుటి వెనకున్న మెదడు భాగం. అది దెబ్బతింటే ముల్లు పది మీదే ఆగిపోవచ్చు. అంకెలన్నీ గుండ్రంలో ఒక పక్కకే పోగుపడితే, చోటును అంచనా కట్టే శక్తి తగ్గిందేమోనని అనుమానిస్తారు.

2000లో అమెరికా వైద్యురాలు సూ బోర్సన్, ఆమె తోటివారు ఈ బొమ్మకు ఇంకొకటి జోడించి 'మినీ-కాగ్' అనే పరీక్ష తెచ్చారు. ముందు మూడు మాటలు చెప్తారు. గడియారం గీయిస్తారు. ఆ తర్వాత, ఇందాకటి మూడు మాటలూ ఏమిటని అడుగుతారు. మాటకొక మార్కు, గడియారం సరిగ్గా వస్తే రెండు. మొత్తం ఐదులో మూడుకు తగ్గితే ఇంకా లోతుగా పరీక్షించాలని అర్థం. జబ్బు తేలిపోయిందని కాదు.

మన మార్కాపురం పక్క ఈ పరీక్షను ఇంకా జాగ్రత్తగా చూడాలి. పలకల గనుల్లో రాయి చీల్చి, పలకలు కోసి, ఊరూరి బళ్లకు పంపిన తాతలు, అవ్వలు ఎందరో బడి మొహం చూడలేదు. రాతిపొర ఎక్కడ విడుతుందో వాళ్ల చేతికి తెలుసు, పెన్సిలు పట్టే అలవాటు మాత్రం లేదు. అలాంటి అవ్వ గీసిన గుండ్రం వంకరపోతే, మతి పోయిందని ఎలా అంటాం?

ఈ సంగతి శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం చదువురాని పెద్దల కోసం ఇంకో అమెరికా పరీక్షను మార్చి, 1995లో ప్రకటించింది. కాగితం మీది మాట చదివి అలా చేయమనే చోట, నన్ను చూసి నాలాగే చేయండి అని అడిగారు. మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాది బృందం 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ఒక విషయం చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో మతిమరుపు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువురాని వాళ్లలో కూడా. మెదడుకు సాము బడిలోనే కాదు, బజార్లోనూ దొరుకుతుందన్నమాట.

అందుకని ఇంట్లో మీరు గమనించాల్సింది మార్పును. నిన్నటిదాకా పింఛను డబ్బు లెక్కపెట్టుకున్న అవ్వ ఇవాళ చిల్లర దగ్గర తడబడుతోందా? గిద్దలూరులో బస్సెక్కి ఎప్పుడూ కంభంలో దిగే తాత, తన ఊరు వచ్చిందని పోల్చుకోలేకపోతున్నాడా? కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోందా? అప్పుడు ఆలస్యం చేయొద్దు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు పట్టుకున్నా మతి మందగిస్తుంది. వీటికి మందులున్నాయి. చెవులు వినపడకో, కళ్లు ఆనకో తప్పు చెప్పినా, అది మతిమరుపులాగే కనిపిస్తుంది.

నలుగురి ముందు గడియారం గీయించి పెద్దవాళ్లను చిన్నబుచ్చొద్దు నాయనా. ఆ పని డాక్టరుకు వదిలేయండి. అక్కడికి వెళ్లినప్పుడు మాత్రం మూడు సంగతులు మరవకుండా చెప్పండి: ఎంతవరకు చదివారు, ఏ పని చేసి బతికారు, ఈ మార్పు ఎప్పటినుంచి మొదలైంది. అవి తెలిస్తేనే డాక్టరుకు ఆ బొమ్మ సరిగ్గా అర్థమవుతుంది.