సుగంధిపాల వేళ్లు: సారము తీయు విధము

మన మెట్టచేల గట్లమీదను, కంచెలలోను తనంత తానే ప్రాకు సుగంధిపాల తీగను ఎరుగని రైతు లేడు. ఆకు సన్నముగా, పొడవుగా నుండును. నడియీనె వెంబడి తెల్లని చార కలదు. త్రుంచిన పాలు కారును. వేసవిలో దీని వేళ్లతో పానకము చేసికొనుటయు, ఒడలి మంటకు, మూత్రపు మంటకు కషాయము పుచ్చుకొనుటయు పూర్వమునుండి వచ్చుచున్న వాడుకయే. అయితే వేళ్లు మేలైనవైనను మందు మేలైనది కాకపోవచ్చును.

మేము గ్రామములలో తరచుగా చూచుచున్న దేమనగా, వేళ్లను వెడల్పు గిన్నెలో వేసి, మూత లేకుండ, నీరు ఎర్రబడువరకు గంటలకొలది మరిగింతురు. ఇల్లంతయు ఘుమఘుమలాడుచున్నదని సంతోషింతురు. ఇంటినిండ నిండిన ఆ పరిమళము గిన్నెలోనుండి పోయిన పరిమళమే గదా!

ఈ వాసనకు మూలమైన ద్రవ్యము వెనిల్లా వాసననిచ్చు ద్రవ్యమునకు జ్ఞాతి వంటిది. రెండింటను పరమాణువు లవియే, అమరిక మాత్రము వేరు. అది వేరు పైబెరడునందే హెచ్చుగా నుండును. నీట కొంచెముగా మాత్రమే కరగును, ఆవిరితో కలిసి ఎగిరిపోవును. కావుననే ఎండలో పరచిన వేళ్లు త్వరగా వాసన తప్పును. నీడ నారవేసి, మూత బిగువుగా నున్న డబ్బాలో నుంచవలెను.

మన వైద్యశాస్త్రకారులు ఈ భేదమును లెస్సగా నెరిగిరి. శార్ఙ్గధర సంహితయందు పదునారు రెట్లు నీరుపోసి కాచి యిగిర్చినది క్వాథము. ఆరు రెట్లు చన్నీట రాత్రియంతయు నానవేసినది హిమము. నాలుగు రెట్లు వేడినీరు పోసి వడగట్టినది ఫాంటము. పరిమళ ద్రవ్యములకు కడపటి రెండే తగినవి. 19వ శతాబ్దియందలి బ్రిటిష్ ఔషధకోశముకూడ ఈ వేళ్ల పానకమునకు, నలుగగొట్టిన వేళ్లపై సలసల కాగిన నీరు పోసి, మూతపెట్టి నాలుగు గంటలుంచి, వడగట్టి, సన్నని సెగపై పంచదార కరిగింపుమని చెప్పినది. ఇంటిలో చేసికొనుటకు ఇంతకంటె సులభమైన పద్ధతి లేదు. మరిగిన కషాయము వ్యర్థమని మేమనుట లేదు. వగరు ద్రవ్యములు దానిలో బాగుగ దిగును. కాని అది వేరొక మందు. మధుమేహము గలవారికి పానకము పనికిరాదు.

అన్ని మూలికలకు ఒకటే సూత్రమనుకొనరాదు. నేలవేము చేదు ఆవిరితో పోదు. అది నీటికంటె సారాయమునందు హెచ్చుగా దిగును. పూత రాకముందు కోసిన ఆకు మేలు. చైనా దేశపు మాచిపత్రి జాతి మొక్క కథ మరియు విచిత్రము. చలిజ్వరమునకు దానిని కాచినపుడు ఫలము నిలకడగా లేకపోయెను. క్రీ. శ. 4వ శతాబ్దినాటి గ్రంథమొకటి నీట నానవేసి పిండి రసము త్రాగుమనుట చూచి, తూ యూయూ అను పరిశోధకురాలు వేడియే చేటని యూహించి, సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడుననే మరుగు ఈథరుతో 1971లో సారము తీయగా మందు పనిచేసెను. అందులకు ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక త్రవ్వకము మాట. రాయలసీమలో నన్నారి పానకమునకు వాడు గడ్డలు పెక్కింట సుగంధిపాలవి కావు, మారెడు తీగవి. వాసన యొకటే, వేరు మాత్రము లావు. సమూలముగా త్రవ్వుటచే మారెడు తీగ అంతరించు మొక్కల పట్టికకెక్కినది. సుగంధిపాలను త్రవ్వునపుడైనను మొదలును, కొన్ని వేళ్లను భూమిలో విడిచి మన్ను కప్పవలెను. తొలకరిని వేరుముక్కలను గట్టువెంట నాటినచో చిగిర్చును.