'హి' కొట్టేసి 'షి' అని రాశారు

గిండీ ఇంజనీరింగ్ కాలేజీ మనందరికీ తెలిసిందే. అన్నా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. 1794లో సర్వే నేర్పే బడిగా మొదలైన ఆ చోట ఒక అమ్మాయికి సీటు దొరకడానికి 146 ఏళ్ళు పట్టింది. 1940లో అలా చేరిన మొదటి అమ్మాయి తెలుగావిడే: అయ్యలసోమయాజుల లలిత.

ఆమె 1919 ఆగస్టు 27న ఇక్కడే మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు. చేతిలో నాలుగు నెలల పసిపాప. అంటే అప్పటికి ఆమెకి మనకన్నా తక్కువ వయసు. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయిని ఒక మూల కూర్చోబెట్టేవాళ్ళు. లలిత మాత్రం మళ్ళీ పుస్తకం పట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.

డాక్టరు చదవొచ్చు కదా అనిపిస్తుంది. అప్పటికే ఆడవాళ్ళు మెడిసిన్ చదువుతున్నారు. కానీ డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా వెళ్ళాలి, పాపని ఎవరు చూస్తారు? వేళకి ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి. ఇంజనీరింగ్ ఎంచుకోవడానికి కారణం ఇంత మామూలుది.

వాళ్ళ నాన్నగారు పప్పు సుబ్బారావుగారు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకోగారితోనూ, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్‌గారితోనూ మాట్లాడి ఒప్పించారు. సీటు వచ్చింది. కానీ అంతమంది అబ్బాయిల మధ్య ఒక్కతే. హాస్టల్లో ఒంటరితనం. అప్పుడు నాన్నగారే, ఈ కాలేజీలో ఆడపిల్లలు కూడా చేరవచ్చని పేపర్లో ప్రకటన వేయించారు. కేరళ నుంచి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ వచ్చి సివిల్‌లో చేరారు. ఆ త్రేసియాగారే తర్వాత కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకి చీఫ్ ఇంజనీరయ్యారు. ఒకరికి తలుపు తీస్తే ముగ్గురు లోపలికి వచ్చారన్నమాట.

చదువు పూర్తయ్యాక పట్టా అచ్చువేస్తే అందులో 'హి' అని ఉంది. ఆడవాళ్ళకి పట్టా ఇవ్వాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి. దాన్ని కొట్టేసి చేత్తో 'షి' అని రాసి ఇచ్చారు.

ఆ తర్వాత ఆమె సిమ్లాలో పనిచేశారు, కొన్నాళ్ళు నాన్నగారి పరిశోధనలో సాయపడ్డారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు తయారుచేయడం ఆమె పని. డ్యాము దగ్గర పుట్టిన కరెంటు దారిలో వేడిగా మారి వృథా కాకుండా ఉండాలంటే వోల్టేజీ బాగా పెంచి పంపాలి. ఊరి దగ్గర సబ్‌స్టేషన్లో దాన్ని మళ్ళీ తగ్గించాలి. ఎక్కడైనా తీగ తెగితే ఆ ముక్కని వెంటనే విడదీసే రక్షణ ఏర్పాటు ఉండాలి. ఇదంతా ముందే కాగితం మీద లెక్కకట్టాలి. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సదస్సుకి మన దేశం నుంచి వెళ్ళారు. 1979లో కన్నుమూశారు.

ఆమె పుట్టి నూరేళ్ళు నిండిన 2019లోనే, జూలై 22న చంద్రయాన్-2 ఎగిరింది. దాని ప్రాజెక్ట్ డైరెక్టర్ ముత్తయ్య వనితగారు కూడా గిండీ కాలేజీలో చదివినవారే.

తెలుగు విద్యార్థినిగా నాకు తట్టిన మాట ఒకటి. 'ఇంజనీరు' అనే మాటలో ఆడా మగా లేదు. తేడా క్రియలో వస్తుంది. అయినా మనం ఆలోచించకుండానే "ఇంజనీరు వచ్చాడు" అంటాం. మా ఇంట్లో కరెంటు పోతే మొన్న నేనే "లైన్‌మ్యాన్ వచ్చాడా?" అని అడిగాను. 'వచ్చారు' అంటే సరిపోయేది. అందులో గౌరవమూ ఉంది, అమ్మాయికి చోటూ ఉంది. లలితగారి పట్టా మీద దిద్దిన ఆ ఒక్క మాట, మన నోటి మీద ఇంకా దిద్దుకోవాల్సి ఉంది.