ఎత్తు తగ్గించిన కారు – షాక్ అబ్సార్బరుల ఎంపిక

కారు చూపునకు అందముగా ఉండవలెననియు, మలుపులలో తూలక నిలకడగా పోవలెననియు కోరి, దాని ఎత్తును రెండు మూడు సెంటీమీటర్లు, ఒక్కొక్కప్పుడు నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించుకొనువారు నేడు మన పట్టణములలో కూడ కనబడుచున్నారు. పొట్టి స్ప్రింగులు వేయించుటతో పని పూర్తియైనదని వారిలో పలువురు భావింతురు. కొంతకాలమునకు బండి గంతులు వేయుట, గతుకులలో ‘దడ్’ మని చప్పుడగుట, షాక్ అబ్సార్బరుల నుండి చమురు కారుట మొదలగును. అప్పుడు దుకాణమునకు పోయి పాత నమూనావే మరల కొని బిగింపించినచో కథ మొదటికి వచ్చును. ఇట్లు జరుగుటకు కారణమేమి? తగిన వానిని ఎట్లు ఎన్నుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా ఒక అపోహను తొలగించుకొందము. కారు బరువును మోయునది స్ప్రింగు. షాక్ అబ్సార్బరు కాదు. చక్రము గతుకునకు తగులగానే స్ప్రింగు నొక్కుకొని శక్తిని తనలో దాచుకొనును; మరుక్షణమే దానిని తిరిగి విడుచును. అడ్డు లేనిచో బండి ఉయ్యాలవలె ఊగుచునే ఉండును. ఆ ఊపును అణచుట షాక్ అబ్సార్బరు పని. చమురు నిండిన గొట్టము, అందులో కదలు పిస్టను, ఆ పిస్టనునకు సన్నని రంధ్రములు, కవాటములు – ఇవియే దాని అంగములు. చమురు ఆ ఇరుకు దారులగుండ బలవంతముగా పోవునప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోవును. గతుకుల బాటపై చాల దూరము నడచిన బండిలో ఈ గొట్టము వెచ్చగా ఉండుట ఇందువలననే.

ఇది కూర్చున్నవారి సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఊపు అణగని చక్రము నేలను విడిచి విడిచి తాకుచుండును. నేలను గట్టిగా పట్టుకొనని టైరునకు బ్రేకు పట్టదు. స్టీరింగు మాట వినదు. వాన కురిసిన రహదారిపై అడ్డముగా ఒక పశువు వచ్చినప్పుడు బండి ఎంత దూరములో ఆగుననునది కొంతవరకు ఈ గొట్టముల స్థితిపై ఆధారపడియుండును.

ఇక స్ట్రట్టు అనగా ఏమి? ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు పేరుతో ప్రసిద్ధమైన ఈ ఏర్పాటు, 1950లో బ్రిటనులోని ఫోర్డు సంస్థ ప్రవేశపెట్టిన కాన్సల్, జెఫిర్ కార్లతో ప్రచారములోనికి వచ్చినది. స్ట్రట్టులో కూడ షాక్ అబ్సార్బరు ఉన్నది. కాని అది ఊపును అణచుటతో ఊరకుండదు. స్ప్రింగు కూర్చుండు పీటను మోయును. చక్రమును నిలువుగా పట్టి ఉంచును. స్టీరింగు త్రిప్పినప్పుడు చక్రముతోపాటు తానును తిరుగును. ప్రక్కనుండి వచ్చు ఒత్తిడిని భరించును. అందుచేత దాని కడ్డీ లావుగా ఉండును. మన దేశములో 2010 నుండి 2022 వరకు అమ్మకములో ఉన్న వోక్స్‌వాగన్ పోలో కారును ఉదాహరణగా తీసికొందము. ముందు చక్రములకు స్ట్రట్టులు. వెనుక చక్రములకు స్ప్రింగు వేరుగా, షాక్ అబ్సార్బరు వేరుగా ఉండును. కనుక ముందు వెనుకలకు ఒకే కొలత పనికిరాదు.

కారు ఎత్తు తగ్గించినప్పుడు మూడు మార్పులు కలుగును. మొదటిది, కదలికకు చోటు తగ్గుట. ఒక స్ట్రట్టు కడ్డీ మొత్తము 160 మిల్లీమీటర్లు కదలగలదనుకొందము. బండి నిలిచియున్నప్పుడు చక్రము పైకి పోవుటకు 80, క్రిందికి దిగుటకు 80 ఉన్నవనుకొందము. బండిని 40 మిల్లీమీటర్లు దించినచో పైకి పోవుటకు మిగులునది 40 మాత్రమే. అందులోను కొంత భాగమును బంపు రబ్బరు ఆక్రమించును. గతుకు పెద్దదైనచో స్ప్రింగు పని ముగియకముందే దెబ్బ రబ్బరుపై పడును. మాటిమాటికి ఇట్లు తగులుచున్నచో రబ్బరు చిట్లును, పిస్టను, కవాటములు దెబ్బతినును, సీలు పోయి చమురు కారును. మనము మొదట చెప్పుకొన్న ‘దడ్’ మను చప్పుడు ఇదియే.

వెనుక చక్రముల లెక్క కొంత వేరు. అక్కడ షాక్ అబ్సార్బరు చక్రమంత కదలకపోవచ్చును. చక్రము 10 మిల్లీమీటర్లు కదలినప్పుడు గొట్టము 7 మాత్రమే కదలు ఏర్పాటులో, బండిని 40 దించినను గొట్టము 28 మాత్రమే లోనికి పోవును. స్ట్రట్టులో చక్రము కదలిక దాదాపు అంతయు గొట్టమునకు వచ్చును. కనుకనే సాధారణముగా ముందువి త్వరగా దెబ్బతినును.

రెండవది, స్ప్రింగు బిరుసు పెరుగుట. చోటు తగ్గినది కనుక, అడుగు తగులకుండుటకై పొట్టి స్ప్రింగులను సాధారణముగా బిరుసుగా చేయుదురు. బిరుసు స్ప్రింగు బలముగా తన్నును. దానిని అణచుటకు బలమైన షాక్ అబ్సార్బరు కావలెను. ఎంత బలమైనది? ఇక్కడ వర్గమూలపు లెక్క పనిచేయును. స్ప్రింగు బిరుసు 44 శాతము పెరిగినచో, ఊపు మునుపటివలెనే అణగుటకు షాక్ అబ్సార్బరు బలము 20 శాతము పెరిగిన చాలును. ముఖ్యముగా కడ్డీ బయటికి సాగునప్పటి నిరోధము పెరుగవలెను. లోనికి పోవునప్పటి నిరోధమును అతిగా పెంచినచో ప్రతి చిన్న రాయియు నడుమునకు తెలియును. ‘ఎంత గట్టిదైన అంత మంచిది’ అను మాట ఇక్కడ చెల్లదు.

మూడవది చాలమంది గమనింపనిది. పొట్టి స్ప్రింగునకు పొడవైన షాక్ అబ్సార్బరును జత చేసి, బండిని జాకీతో ఎత్తినచో చక్రము పూర్తిగా క్రిందికి వ్రేలాడును. అప్పుడు స్ప్రింగు వదులై పీట నుండి తొలగవచ్చును. రోడ్డుమీద చక్రము పెద్ద గుంటలో దిగినప్పుడు ఇట్లే జరిగినచో ప్రమాదము. కడ్డీ పూర్తిగా సాగినప్పుడు కూడ స్ప్రింగు కొంచెము బిగువుగా ఉండునంత పొట్టి షాక్ అబ్సార్బరు కావలెననుటకు కారణమిది.

ఇప్పుడు ఎంపికకు వత్తము. బజారులో లభించునవి రచనలో ప్రధానముగా రెండు రకములు. జంట గొట్టములది మొదటిది. ధర తక్కువ, నడక మెత్తన. పైగొట్టమునకు చిన్న సొట్ట పడినను లోపలి పిస్టను కదలికకు సామాన్యముగా అడ్డు రాదు. కాని ఎడతెగని గతుకులలో చమురు వేడెక్కి నురుగు పట్టి బలము తగ్గవచ్చును. ఒకే గొట్టము గలది రెండవది. ఇందులో చమురును, అధిక పీడనము గల వాయువును మరియొక తేలు పిస్టను వేరు చేయును; నురుగు పట్టుట అరుదు, వేడి త్వరగా పోవును. కాని ధర ఎక్కువ, గొట్టమునకు సొట్ట పడినచో చెడును.

పొడవునుబట్టి చూచినచో, తగ్గింపు 25 మిల్లీమీటర్ల లోపైనప్పుడు, తయారీదారు అనుమతించినయెడల, మామూలు పొడవు గలవే సరిపోవచ్చును. అంతకు మించినచో పొట్టి గొట్టము గలవానిని అడుగవలెను. జర్మనీలోని బిల్‌స్టైన్ సంస్థవారు మామూలు పొడవు గలవానికి బి6 అనియు, ఎత్తు తగ్గించిన కార్లకు చేసిన పొట్టివానికి బి8 అనియు పేర్లు పెట్టినారు. హాలండునందలి కోని సంస్థ చేయు కొన్ని రకములలో కడ్డీ సాగునప్పటి నిరోధమును చేతితో సవరించుకొనవచ్చును. స్ప్రింగుతో కలిసి మరలు చుట్టిన గొట్టములుగా వచ్చు ‘కాయిలోవరు’లు మరియొక రకము. వానిలో స్ప్రింగు పీటను మాత్రమే దించునవి కదలికకు చోటు తగ్గించును. అడుగు భాగమును వేరుగా జరుపగలవి ఆ చోటును కాపాడును. కొనుటకు ముందే ఈ తేడాను అడిగి తెలిసికొనవలెను.

ఉన్న బండిలో చోటు ఎంత మిగిలినదో తెలియుటకు సులభమైన ఉపాయము కలదు. కడ్డీకి సన్నని ప్లాస్టిక్ పట్టీని బిగుతుగా కట్టి, గొట్టము అంచునకు ఆనించి, నిత్యము పోవు దారిలో బండిని నడుపుడు. పట్టీ ఎంత పైకి జరిగినదో కొలిచినచో కడ్డీ ఎంత లోనికి పోయినదో తెలియును. ప్రతిసారియు రబ్బరు వరకు జరిగియున్నచో పొట్టివి కావలెనని అర్థము.

బిగించునప్పుడు ఒక ఇరుసునకు రెండును కలిపి మార్చవలెను. పైనున్న బేరింగు, బంపు రబ్బరు, దుమ్ము తొడుగు పాతవైనచో వానిని కూడ మార్చుట మంచిది. తయారీదారు చెప్పనిదే రబ్బరును కోయరాదు. మెరయు కడ్డీని పటకారుతో పట్టుకొనరాదు. చిన్న గీత పడినను సీలు చెడును. స్ట్రట్టు నుండి స్ప్రింగును విప్పుట అనుభవము గలవారు చేయవలసిన పని. నొక్కియుంచిన స్ప్రింగు జారినచో ప్రాణాపాయము. రబ్బరు బుష్షుల బోల్టులను బండి బరువు చక్రములపై నిలిచిన తరువాతనే పూర్తిగా బిగింపవలెను. చివరగా చక్రముల అమరికను సరిచూపించవలెను. లేనిచో క్రొత్త టైరులు ఒకవైపే అరుగును.

మన దారుల సంగతి మరువరాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. పోలో అడుగునకు, నేలకు మధ్య ఉండు ఎడము సుమారు 165 మిల్లీమీటర్లు. బండిని 40 దించినచో 125 మిగులును. నలుగురు కూర్చుండగా అదియు తగ్గును. పైగా వీధులలో కొలత లేక కట్టిన దిమ్మలు ఎన్నియో కలవు. చట్టమును కూడ చూడవలెను. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను నియంత్రించుచున్నది. సుప్రీముకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీనిని గట్టిగా చెప్పినది. కనుక పనికి పూనుకొనకముందే ప్రాంతీయ రవాణా కార్యాలయములోను, బీమా సంస్థలోను విచారించుట మేలు.

దుకాణమునకు పోవునప్పుడు ఐదు విషయములు వ్రాసికొని పోవుడు: కారు నమూనా, తయారైన సంవత్సరము, ముందు వెనుకల ఎన్ని మిల్లీమీటర్లు దించినారు, ఏ స్ప్రింగులు వేసినారు, సామాన్యముగా ఎందరు ప్రయాణింతురు. ఈ ఐదింటిని అడుగకయే సరకు చేతికిచ్చు దుకాణమును విడిచి మరియొకచోటికి పోవుట మంచిది.