లేవీయకాండం దగ్గర ఆగిపోయారా?

నాలుగేళ్లు. నాలుగు జనవరి ఒకటులు. ప్రతిసారీ అదే ఉత్సాహం, అదే యాప్, అదే ‘ఏడాదిలో బైబిల్’ ప్లాన్. ప్రతిసారీ నేను చతికిలపడింది కూడా దాదాపు అదే చోట.

మాది గుణదల. పడవల రేవు స్టాపులో దిగి కొండవైపు నడిస్తే వస్తుంది మా సందు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరునాళ్లంటే మా సందులోంచి బండి బయటికి తీయడం కూడా కుదరదు. జనవరి ఆఖరుకే కొట్లు వెలుస్తాయి, చుట్టాలు దిగుతారు, ఇంట్లో చాపలన్నీ పరుచుకుంటాయి. నా చదువు ఆగిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. తిరునాళ్ల సందడి వల్లే అనుకునేవాణ్ని.

ఒకరోజు కూర్చుని లెక్కేశా. ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. రోజుకు మూడు చొప్పున చదివితే జనవరి 30కి ఆ రెండూ అయిపోతాయి. 31న లేవీయకాండం మొదలు. ఏ బలికి ఏ జంతువు, ఏది తినొచ్చు ఏది తినకూడదు, ఒంటి మీద మచ్చ వస్తే యాజకుడు ఎలా పరీక్షించాలి... 27 అధ్యాయాలు. ఫిబ్రవరి 8 దాకా అదే. పాపం, తిరునాళ్ల తప్పేం లేదు!

ఈ ‘ఏడాదిలో మొత్తం’ అనే ఆలోచన యాప్‌లతో పుట్టింది కాదు. స్కాట్లాండ్‌లోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే పాస్టర్ 1842లోనే తన సంఘం కోసం ఒక పట్టిక రాశాడు. రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వేర్వేరు చోట్ల నుంచి. అలా ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. ఇప్పటికీ చాలామంది దాన్నే పాటిస్తున్నారు. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ పట్టికతోపాటే అందులో ఉన్న ప్రమాదాలనూ ఆయన రాశాడు. చదవడం మొక్కుబడిగా మారొచ్చని, చదివేశానన్న గర్వం రావొచ్చని, కొందరికి అది మోయలేని బరువు కావొచ్చని. మన యాప్‌లు మాత్రం జనవరి ఒకటిన బెలూన్లు ఎగరేస్తాయి!

నా సంగతి ఆయన రాసినట్టే అయింది. మూడో ఏడాది ఏం చేశానంటే, చదవకపోయినా టిక్ కొట్టడం మొదలుపెట్టా. స్ట్రీక్ పోకూడదు కదా. బస్సులో నిలబడి మూడు అధ్యాయాలు వేలితో పైకి తోసేసి టిక్. ఎవరిని మోసం చేస్తున్నానో నాకే తెలియదు.

నాలుగో ఏడాదీ ఆగిపోయాక, వేసవిలో అమ్మకు కంటిలో శుక్లం ముదిరింది. అమ్మ మిషను కుడుతుంది. సూదిలో దారం ఎక్కించడం కష్టమైనా చెప్పలేదు. రాత్రిపూట పుస్తకం తెరిచి మూసేయడం చూసి నేనే అడిగా. ఆపరేషన్ అయింది. కొత్త అద్దాలు వచ్చేదాకా దగ్గరి అక్షరాలు ఆనవన్నారు. మిషను మీద గుడ్డ కప్పేసింది. మూడో రోజు రాత్రి, “ఒరేయ్ నాన్నా, కాస్త చదివి పెట్టరా” అంది.

“ఏం చదవమంటావు?”

“తోబీతు.”

ఫోన్ తీశా. వెతికా. నా ప్లాన్‌లో లేదు. నేను వాడే అనువాదంలోనూ లేదు. అక్కడున్నవి 66 గ్రంథాలు. మాది ఆర్‌సీఎం కుటుంబం, మా అమ్మ బైబిల్లో 73 ఉంటాయి. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి ఏడు గ్రంథాలు నాలుగేళ్లుగా నా లెక్కలోనే లేవు! ‘మొత్తం బైబిల్’ చదువుతున్నాననుకున్న మనిషికి ఇంతకంటే చెంపదెబ్బ ఉండదు. అమ్మ పుస్తకం తీశా. మధ్యలో పాత తిరునాళ్ల పటం, ఎవరిదో పెళ్లి శుభలేఖ.

తోబీతు కథ తెలియనివాళ్లకు చెప్తాను. మంచివాడైన తోబీతుకు పిట్టల రెట్ట పడి కళ్లు పోతాయి. కొడుకు దూర ప్రయాణం వెళ్తాడు. దారిలో దేవదూత మారువేషంలో తోడొస్తాడు. కొడుకు పట్టిన చేప పిత్తంతో తండ్రికి చూపు తిరిగొస్తుంది. మొత్తం 14 అధ్యాయాలు. ఆ ఆపరేషన్ కన్ను మూసుకుని అమ్మ ఆ కథే ఎందుకు అడిగిందో నాకు రెండో రాత్రికి గానీ వెలగలేదు. భయపడుతోంది. చూపు రాదేమోనని, మిషను ఇక ఎక్కలేనేమోనని. ఆ మాట నాతో అనలేదు, తోబీతు చదవమంది.

రోజుకు ఒక్క అధ్యాయం. కొన్నిసార్లు సగమే. “అక్కడ ఆపు, ఆ ముక్క మళ్లీ చదువు” అనేది. నేనేమో పూర్తి చేయాలన్న తొందరలో ఉండేవాణ్ని. ఆమెకు ఆ తొందర లేదు.

ఆ తర్వాత నేను ప్లాన్ ఎంచుకునే పద్ధతే మారింది. మీరూ ఎంచుకునే పనిలో ఉంటే, ముందు ఎన్ని నెలల్లో అని కాదు, రోజులో ఎప్పుడు, ఎక్కడ అని చూసుకోండి. బస్సులో నిలబడి చదివేవాడికి లేవీయకాండం ఎక్కదు, ఆడియో ఎక్కుతుంది. తెలుగులో ఆడియో బైబిల్ ఉంది, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు. ఇంగ్లిష్ ఇబ్బంది లేకపోతే ఫాదర్ మైక్ ష్మిట్జ్ 2021లో మొదలుపెట్టిన ‘బైబిల్ ఇన్ ఎ ఇయర్’ పాడ్‌కాస్ట్ ఉంది, అధ్యాయాలు చదివి వివరిస్తారు కూడా. 73 గ్రంథాలూ అందులో ఉన్నాయి.

ఎప్పుడూ పూర్తిగా చదవనివాళ్లు చిన్నదానితో మొదలుపెట్టండి. మార్కు 16 అధ్యాయాలే. రోజుకొకటైతే పదహారు రోజులు. సామెతలు 31, నెలలో తేదీ ఎంతైతే ఆ అధ్యాయం. ఇందులో ఒకరోజు తప్పినా వెనకబడటమనేదే ఉండదు, ఇవాళ్టి తేదీ చూసుకుంటే సరి. నాలుగు సువిశేషాలు కలిపి 89 అధ్యాయాలు. తిరునాళ్లు అయిన మర్నాడు, ఫిబ్రవరి 12న మొదలుపెడితే మామూలు ఏడాదిలో మే 11కి పూర్తవుతాయి. కొత్త నిబంధన మొత్తం 260. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. శని, ఆదివారాలు సెలవు! నా మటుకు నాకు ఉద్యోగస్తులకు ఇంతకంటే తెలివైన ప్లాన్ కనపడలేదు.

గుణదల గుడికి ఆదివారం పూజకు వెళ్లేవాళ్లు నిజానికి ఇప్పటికే ఒక ప్లాన్‌లో ఉన్నారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో వచ్చిన పఠనాల క్రమం అది, మూడేళ్ల చక్రం. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఎక్కువగా తపస్సుకాలంలో, పాస్కా రోజుల్లో వస్తుంది. ఏది ఏ ఏడో తెలుసుకోవడానికి చిన్న కిటుకుంది. సంవత్సరం అంకెలు కూడండి. మూడుతో నిశ్శేషంగా పోతే లూకా. ఒకటి మిగిలితే మత్తయి, రెండు మిగిలితే మార్కు. 2026 అంకెలు కూడితే 10, ఒకటి మిగిలింది, కాబట్టి మత్తయి. కాకపోతే ఈ ఏడాది జనవరిలో కాదు, నవంబరు ఆఖర్లోనో డిసెంబరు మొదట్లోనో ఆగమనకాలం తొలి ఆదివారంతో మొదలవుతుంది. శనివారం రాత్రే మర్నాటి పఠనాలు ఒకసారి చదువుకుని వెళ్లి చూడండి, ఫాదర్ ప్రసంగం వేరేగా వినపడుతుంది. ఈ క్రమంలో బైబిలంతా రాదు. లేవీయకాండం తగిలేది బహు తక్కువ. (ఇది తెలిసి నేనెంత సంతోషించానో ఫాదర్‌కు చెప్పలేదు.)

ఇంకో రెండు మాటలు. ప్లాన్ మొదలుపెట్టేముందు అది ఎన్ని గ్రంథాల లెక్కో చూసుకోండి. ఆర్‌సీఎం వాళ్లైతే 73, మిగతా సంఘాల వాళ్లైతే 66. రెండోది, తెలుగు. పాత అనువాదంలో ‘ఏలయనగా’ దగ్గరే తడబడుతుంటే సిగ్గుపడక్కర్లేదు, వాడుక తెలుగు అనువాదాలూ యాప్‌లో దొరుకుతాయి. అర్థం కానిదాన్ని మూడు అధ్యాయాలు తోసేయడం కన్నా అర్థమయ్యేది అర అధ్యాయం మేలు. ఇక స్ట్రీక్ నోటిఫికేషన్ నేను ఆపేశా. అది మీ ఇష్టం.

అమ్మకు నెలన్నర తర్వాత అద్దాలొచ్చాయి. మిషను మీది గుడ్డ తీసింది, మొదట నా చొక్కా గుండీ కుట్టింది. ఇక తనే చదువుకుంటుందిలే అనుకున్నా. రాత్రి తొమ్మిదిన్నరకు పుస్తకం నా ఒళ్లో పెట్టి, “ఏరా, ఎక్కడ ఆపాం?” అంది.

ఇప్పుడు మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాం. లేవీయకాండం సంగతి ఇంకా తేలలేదు.