వెలుగు తగ్గితేనే రంగు నిలుస్తుంది

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో ఎక్కడ చూసినా ఫోన్లు పైకి లేస్తాయి. ఎదురుగా తంగేడు పసుపు, బంతి నారింజ, రంగులద్దిన గునుగు. కంటికి ఒక్కో రేకూ విడిగా కనిపిస్తుంది. తీరా ఫొటో చూస్తే బంతిపూల వరస మొత్తం ఒకే నారింజ ముద్ద. రేకుల అంచుల్లేవు, మడతల్లేవు. ఫోన్ మంచిది కాదేమో అని కొందరు వదిలేస్తారు. ఇంకొందరు ఎడిటింగ్‌లో రంగు పెంచుతారు, ఉన్న కాస్త వివరమూ పోతుంది. నిజానికి చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు. అక్కడ రంగు తక్కువై కాదు, వెలుగు ఎక్కువై ఫొటో చెడింది.

ఎరుపు ముందే నిండిపోతుంది

కెమెరా సెన్సర్‌కు రంగు తెలియదు. తన మీద ఎంత వెలుతురు పడిందో మాత్రమే కొలుస్తుంది. అందుకే దాని మీద గళ్లుగళ్లుగా రంగు ఫిల్టర్లు అమరుస్తారు. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. నేటి ఫోన్లలో ఎక్కువ భాగం దాన్నో, దాని రూపాంతరాలనో వాడుతున్నాయి.

ఒక్కో గడినీ ఒక చిన్న గిన్నె అనుకోండి. నిండాక ఇంకెంత పోసినా కొలత మారదు. మామూలు జేపీఈజీ ఫొటోలో ప్రతి రంగుకూ 0 నుంచి 255 వరకే అంకెలుంటాయి. బంతిపువ్వు నుంచి వచ్చే వెలుతురులో ఎరుపు చాలా ఎక్కువ, ఆకుపచ్చ కొంత, నీలం బహు తక్కువ. కాబట్టి ఎరుపు అంకె అన్నిటికంటే ముందు 255కు చేరి ఆగిపోతుంది. వెలుగు తగిలిన రేకు అంచుకూ 255, కాస్త లోపలున్న మడతకూ 255. అంకెల్లో తేడా లేనప్పుడు ఫొటోలో రేకు ఆకారం ఎక్కడినుంచి వస్తుంది?

చీకటి పడేకొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతుంది. చుట్టూ చీకటి ఉంటే ఫోన్ దృశ్యం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకుని వెలుగు పెంచేస్తుంది, పూలు పాలిపోతాయి. దీనికి మందు చిన్నదే. తెర మీద పూలున్న చోట వేలు పెట్టండి. చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. రేకుల మడతలు కనిపించే వరకూ దాన్ని కిందికి జరపండి. ఫొటో కాస్త నల్లగా వచ్చినా దిగులక్కర్లేదు. నీడలో ఉన్నదాన్ని తర్వాత కొంతవరకు పైకి తేవచ్చు. నిండిపోయి చెరిగిపోయిన రేకును యాప్ ఊహించి గీస్తుందేమో గానీ, ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు.

పైమెరుపుకు వస్తువు రంగుండదు

పువ్వయినా బట్టయినా వెలుతురును రెండు రకాలుగా వెనక్కి పంపుతుంది. కొంత పైపొర మీదే తగిలి తిరిగొస్తుంది. అది ఎండ రంగులోనే, అంటే తెల్లగా ఉంటుంది. మిగతాది లోపలికి వెళ్లి, అక్కడి వర్ణద్రవ్యం రంగు తీసుకుని బయటికొస్తుంది. మొదటిది ఎక్కువైతే రెండోది వెలవెలబోతుంది. వాన వెలిశాక తడి ఆకుల ఫొటోలో పచ్చదనం కంటే తళుకే ఎక్కువ కనిపించేది ఇందుకే. రెండడుగులు పక్కకు జరిగితే ఆ తళుకు తగ్గుతుంది. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఆకుల మీద, నీళ్ల మీద మెరుపును చాలావరకు ఆపుతుంది.

ఇంకా మంచి దారి, ఎండను పువ్వు వెనక ఉంచుకోవడం. వెలుతురు రేకులోంచి దూరి రంగుతో సహా మన వైపు వస్తుంది. దాని వెనక నీడపట్టు గోడో చెట్టో ఉంటే పువ్వు తానే వెలుగుతున్నట్టుంటుంది. వెలుగుకు ఆ జిగి ఇచ్చేది పక్కనున్న నీడే. మనిషిని తీసేటప్పుడు మాత్రం ముఖం నల్లబడుతుంది. నాచారంలో ఎన్టీఆర్ నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో లాంటి చోట్ల సినిమావాళ్లు ముఖం మీదికి వెలుతురు తిప్పే రిఫ్లెక్టర్లు వాడేది ఇందుకే. మనకైతే తెల్లటి థర్మాకోల్ షీటు చాలు.

పాతిక నిమిషాల బంగారం

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అలాంటి ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. పొద్దు వాలాక ఎండ ఏటవాలుగా, ఎక్కువ గాలిని దాటుకుని వస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి.

విదేశీ పుస్తకాలు ఈ వేళను గోల్డెన్ అవర్ అంటాయి. మన దగ్గర అది గంట ఉండదు. ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. బతుకమ్మ రోజుల్లో 6 డిగ్రీల ఎత్తు నుంచి దిగంతం చేరడానికి సుమారు 25 నిమిషాలే. అదే కాలంలో లండన్‌లో 38 దాకా పడుతుంది. కాబట్టి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర రామంతాపూర్ వైపు దిగే పొద్దును పట్టాలంటే ముందే వెళ్లి చోటు చూసుకోవాలి. ఫొటో రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఎండ గుర్తు మీద పెట్టాలి. ఆటోలో ఉంటే ఫోన్ ఆ బంగారు ఛాయను లోపమనుకుని దిద్దేస్తుంది. పొద్దు గుంకాక మరో పావుగంట, ఆకాశం ముదురు నీలంగా ఉండగా, 2023లో ప్రారంభమైన ఉప్పల్ స్కైవాక్ దీపాలు బాగా కుదురుతాయి. పూర్తిగా చీకటి పడితే దీపాలు తప్ప మరేమీ మిగలదు.

బతుకమ్మ సద్దుల రాత్రే నీళ్లలో కలుస్తుంది. గునుగుకు రంగులద్ది, పసుపు పక్కన ఏ రంగు నిలుస్తుందో చూసుకుంటూ పేర్చిన ఆడవాళ్ల పనికి ఆ తర్వాత మిగిలే రుజువు ఫొటో ఒక్కటే. అందులో ప్రతి వరసా విడిగా కనిపించాలి. అందుకు కొత్త ఫోన్ అక్కర్లేదు. రంగు పెంచే మీట కన్నా ముందు వెలుగు తగ్గించే మీట మీదికి వేలు వెళ్లడం అలవాటైతే చాలు.