ఆరు తెల్ల చుక్కల నల్ల పురుగు: గుర్తుపట్టండి, పట్టుకోకండి

వానలు మొదలవగానే నాకు ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. రాతి గుట్ట పక్కన నల్లటి పెద్ద పురుగు, ఒంటి మీద తెల్ల చుక్కలు. కింద "బ్రో, ఇది విషమా?" అని ప్రశ్న. ఈరోజు ఎపిసోడ్ దీని మీదే.

ఇది నేల మీద పరిగెత్తే పెంకుపురుగు, అంటే గ్రౌండ్ బీటిల్. సైన్స్ పేరు ఆంథియా సెక్స్‌గుట్టాటా. లాటిన్‌లో సెక్స్ అంటే ఆరు, గుట్టా అంటే చుక్క. మన గుట్టకీ దానికీ సంబంధం లేదు గానీ, కనిపించేది మాత్రం గుట్టల దగ్గరే!

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, చెక్‌లిస్ట్‌లా చెప్తా. ఒకటి, సైజు: దాదాపు 4 సెంటీమీటర్లు. రెండు, చుక్కలు: తల వెనక భాగం మీద 2, వీపు మీద 4. మూడు, వీపు మధ్యలో నిలువుగా తిన్నని గీత ఉండాలి. అలా కాకుండా ఒళ్లు గుండ్రంగా, చుక్కలు ఏడు, రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయా? అయితే అది డామినో బొద్దింక. అది ఈ బీటిల్ వేషం వేసుకుని శత్రువుల్ని బెదరగొడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తారు.

ఎందుకు బెదరాలి? ముట్టుకుంటే ఈ బీటిల్ వెనక నుంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది. మామిడి చెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమలు వదిలేదీ అదే. కాబట్టి మొహం దగ్గర పెట్టి సెల్ఫీలు వద్దు. కంట్లో పడితే నలపకండి. మంచినీళ్ల ధారతో పావుగంట కడిగి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు అసలు విషయం. దీని ఇల్లు దక్కన్ పీఠభూమిలోని మెట్ట నేల: రాళ్లు, గడ్డి, ముళ్ల పొదలు. రాత్రిపూట తిరిగి వేరే పురుగుల్ని వేటాడుతుంది. మనం ఆ నేలని "బంజరు" అంటాం. గుట్ట పగలగొట్టి, చదును చేసి, వెంచర్ వేస్తాం. పక్షయితే ఎగిరి ఇంకోచోటికి పోతుంది. ఈ బీటిల్ ఎగరలేదు! చుట్టూ రోడ్లు పడితే మిగిలిన ముక్కలోనే బతకాలి, లేదంటే అక్కడే అంతరించాలి.

అందుకే కనిపిస్తే చంపకండి. రెండడుగుల దూరం నుంచి పైవైపు ఫొటో తీసి, లొకేషన్‌తో ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. ఆ చోటు ఖాళీ స్థలం కాదని చెప్పడానికి తేదీతో సహా ఒక రుజువు ఉంటుంది. ఈ వారం మీ ఊరి గుట్ట వైపు ఓసారి వెళ్లి చూడండి. బై!